ఒక గణిత విద్యార్థిని ముచ్చటలు

నలువది యేండ్లు నిండిన గృహిణి గణితశాస్త్రమున ఎం.ఎస్‌సి. చదువుచున్నదని తెలిసిన నాటినుండి మా ధర్మసాగర్ గ్రామమున నన్ను పలుకరించు సోదరీమణులు మూడు ప్రశ్నలు తప్పక అడుగుచుందురు. ఏ పుస్తకములు చదువుచున్నావు? తెలుగు బడిలో చదివినదానవు, ఇంగ్లీషుతో ఎట్లు నెట్టుకొని వచ్చుచున్నావు? ఇంత పనిలో మరల ఆ పాటలెందులకు? మొదటి రెండును ఆదరముతో అడుగు ప్రశ్నలు. మూడవదానిలో కొంచెము ఎత్తిపొడుపు కలదు. ఒక్కొక్కరికి వాకిట నిలిచి చెప్పుటకంటె అందరికిని ఒకమారు వ్రాసి చెప్పుట మేలని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. పుస్తకములు, భాష, పాట అని మూడు అరలుగా విడదీసి చెప్పుటకు యత్నించితిని గాని, నా విషయమున అవి విడిపోవుట లేదు. కావున కలగలుపుగనే చెప్పుదును. సోదరీమణులు ఓపికతో చదువుదురు గాక.

నా పుట్టినిల్లు జనగామ ప్రాంతపు పల్లె. డిగ్రీ వరకును నా చదువంతయు తెలుగు మాధ్యమమున సాగినది. నా చేతికి వచ్చినవి తెలుగు అకాడమి వారి పుస్తకములు. ఆ సంస్థ 1968లో ఏర్పడినది. దానికి తొలి అధ్యక్షులు మన వరంగల్లు సీమలోని లక్నేపల్లిలో పుట్టిన పి.వి. నరసింహారావుగారు. పెక్కు భాషలు నేర్చిన ఆ పెద్దమనిషి చేతిమీదుగా తెలుగున శాస్త్రగ్రంథములు వెలువడుట సమంజసముగనే యున్నది. ఆ గ్రంథముల పుణ్యమున అవధి, అవిచ్ఛిన్నత, అవకలనము, సమాకలనము అను మాటలు నాకు ఉప్పు, పప్పు, చింతపండు అన్నంత సొంతమైనవి. పిదప వివాహము, కాపురము, ఇద్దరు బిడ్డలు. పదునెనిమిదేండ్లు లెక్కల పుస్తకము ముట్టలేదు. మరల ముట్టినపుడు చదువు దూరవిద్య. పాఠములు ఇంగ్లీషున, పరీక్ష ఇంగ్లీషున. మొదటి సంపుటము తెరచిననాడు తొలి పుటలోనే నే నెరుగని మాటలు ఇరువదిమూడు లెక్కించితిని. లెక్క తెలియక కాదు, మాట తెలియక ఆగిపోతిని. కట్టిన రుసుము పోయినను పోనిమ్మని ఆ సంపుటములను అటుక నెక్కింప దలచిన రాత్రులు కలవు.

మా ఇంటిలో లెక్క పలుకు భాషలను గూర్చి ఇచ్చట కొంత చెప్పవలెను. మా మామగారికి ఎనుబదియెనిమిదేండ్లు. వారు బడికి పోయిన కాలమున ఇది నిజాము రాజ్యము, బడిచదువు ఉర్దూ. హైదరాబాదున 1918లో నెలకొల్పిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున గణితముతోడి సకల శాస్త్రములను ఉర్దూలో బోధించిరి. అందులకు వలయు గ్రంథములకై ఒక ఏడు ముందే అనువాదశాలను తెరచిరి. ఉన్నతవిద్య దేశభాషలో నుండవలెనను తలంపు గొప్పదే. కాని వారెంచుకొన్న దేశభాష మా పల్లెల భాష కాదు. మామగారు నేటికిని కౌలు లెక్క చూచునపుడు కూడికను జమా, తీసివేతను తఫ్రీఖ్, గుణకారమును జరబ్, భాగహారమును తక్సీమ్ అని తమలో తాము అనుకొందురు. మా అత్తగారు బడి మెట్టెక్కినవారు కారు. వారి లెక్క యంతయు కొలపాత్రలతోడిది: రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచము. ఇది రెండు యొక్క ఘాతముల వరుసయేయని నే నన్నచో, ఘాతమనగా ఎవరో ఎవరినో కొట్టిరని తలంతురు. నాకు ఎక్కములు రెండేడుల పదునాలుగు. ఎనిమిదవ తరగతి చదువు మా అమ్మాయికి టూ సెవెన్‌జా ఫోర్టీన్. ఒక కప్పు క్రింద నాలుగు విధముల గుణించు కుటుంబము మాది. ఆలోచించి చూడగా, మగవారికిని బిడ్డలకును లెక్కల భాష మారినదెల్ల ప్రభుత్వము మారుటచేతనే. అత్తగారి కొలలు మాత్రము ఏ ప్రభుత్వమును అడుగలేదు.

నాకు ఇంగ్లీషు నేర్పిన మొదటి సాధనము ఆ అమ్మాయి పాఠ్యపుస్తకమే. 2022వ విద్యాసంవత్సరము నుండి మన రాష్ట్రపు ప్రభుత్వ పాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశించినపుడు ద్విభాషా పుస్తకముల నచ్చొత్తించిరి. ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో అదే పాఠము తెలుగున. మా అమ్మాయి తెలుగు పుట వంక కన్నెత్తియు చూడదు. నాకది పెన్నిధి. రాత్రి అందరు పరుండిన పిదప ఎడమ పుట చదివి, కుడి పుట మూసి, ఈ మాటకు ఆ భాషలో ఏమందురో ఊహించి, తెరచి సరిచూచుకొనుచుంటిని. ఆరవ తరగతి పుస్తకముతో ఆరంభించితిని. ఎం.ఎస్‌సి. విద్యార్థిని ఆరవ తరగతి పుస్తకము చదువుట చూచి మావారు నవ్విరి. నవ్వి, మరునాడు ఏడవ తరగతి పుస్తకమును కూడ ఎవరియింటనో అడిగి తెచ్చి యిచ్చిరి.

అట్లు చదువగా తెలిసినదేమనగా, గణితమున కష్టపెట్టునవి పెద్ద మాటలు కావు. పెద్ద మాటకు శంకరనారాయణ నిఘంటువు కలదు, అకాడమి పుస్తకములు కలవు. కష్టపెట్టునవి చిన్న మాటలు. ‘అనుకొనుము’, ‘అయినచో, అయిననే’, ‘ప్రతి’, ‘ఏదో ఒక’ వంటివాటి స్థానము తెలుగున ఒక విధము, ఇంగ్లీషున ఇంకొక విధము. మన వాక్యమున క్రియ చివర వచ్చును. వారి వాక్యమున ముందే వచ్చి కూర్చుండును. ఒక ఉదాహరణము చెప్పెదను. ‘ప్రతి తాళమునకును ఒక చెవి కలదు’ అనుట ఒకటి. ‘ప్రతి తాళమును తెరచు చెవి ఒకటి కలదు’ అనుట వేరొకటి. మొదటిది అందరి ఇండ్లలోని సంగతి. రెండవది దొంగ మొలత్రాటి సంగతి. మాటలు ఇంచుమించు అవే, వరుస మారినది, అర్థము తలక్రిందులైనది. విశ్లేషణ శాస్త్రమున అవిచ్ఛిన్నతకును ఏకరూప అవిచ్ఛిన్నతకును గల భేదము సరిగా ఇదియే. మొదటిదానిలో ఒక్కొక్క బిందువునకు దాని చెవి దానికి దొరకిన చాలును. రెండవదానిలో ఒకే చెవి అన్ని బిందువులకును సరిపడవలెను. ఈ భేదము నాకు ఇంగ్లీషు పుస్తకమున మూడు వారములు బోధపడలేదు. బీరువా తాళము తీయుచుండగా తెలుగున తట్టినది. తట్టిన వెంటనే ఇంగ్లీషు వాక్యమును కూడ తెరచుకొన్నది. ఆనాటినుండి నేను ఏ నిర్వచనమునైనను మొదట తెలుగున, మా ఇంటి వస్తువులతో చెప్పుకొని, పిదప ఇంగ్లీషులోనికి మార్చుకొనుచున్నాను. ఇది రెండింతల పని యని కొందరు వారించిరి. రెండింతలే. అయినను చదివినది నిలుచుచున్నది.

నిలుపుకొనుటకు మాటల పెట్టె యొకటి చేసితిని. దీని మూలము జర్మను దేశీయుడగు సెబాస్టియన్ లైట్నర్ 1972లో ప్రకటించిన పద్ధతి. పెట్టెలో ఐదు అరలుండవలెను. ఒక్కొక్క చీటికి ముందు ప్రక్క క్రొత్త మాట, వెనుక ప్రక్క దాని అర్థము. మొదటి అరలోని చీటీలను ప్రతిదినమును చూడవలెను. సరిగా చెప్పగలిగిన చీటి రెండవ అరకు పోవును. దానిని రెండు మూడు దినముల కొకమారు చూచిన చాలును. మూడవ అర వారమునకు, అట్లే పైపైకి ఎడము పెరుగును. ఎచ్చట తప్పినను ఆ చీటి మరల మొదటి అరకే రావలెను. మనసు దేనిని ఎంత వేగముగ మరచునో జర్మనీయుడే యగు ఎబింగ్‌హాస్ అర్థము లేని అక్షరకూటములను తానే వల్లించి, మరచి, కొలిచి 1885లో వ్రాసెను. మరువబోవు సమయమున మరల చూచిన మాట గట్టిపడునని ఈ పద్ధతి యొక్క కీలకము. నేడు ఇదే పనిని ఫోనులో చేయు అంకీ యను సాధనము కలదు. 2006 నుండి వాడుకలో నున్నది, ఆ పేరు జపాను భాషలో కంఠస్థము చేయుట యని. మా అమ్మాయికి అది చాలును. నాకు ఫోను చేతికి వచ్చినచో చుట్టములు, బంధువులు కూడ చేతికి వత్తురు. కావున చీటీలే మేలు. మాకు వచ్చిన పెండ్లి శుభలేఖల వెనుక తెల్లని దళసరి కాగితము వృథాగా పోవుచుండును. వానిని కత్తిరించి చీటీలు చేసితిని. పెట్టె మా అత్తగారి పాత పోపులపెట్టె. ఆవాల అరలో క్రొత్త మాటలు, జీలకర్ర అరలో నలిగిన మాటలు. నాలుగు వందలకు పైగా చీటీలు కలవు. మెంతుల వాసన నేటికిని పోలేదు.

ఒక్కొక్క చీటి వెనుక ఆ మాట పుట్టుక తెలిసినచో మూడవ పంక్తిగా వ్రాసికొందును. ఇందులో గల వినోదము నవలలలో లేదు. త్రికోణమితిలో ‘సైన్’ అందురు గదా. అది మన ‘జ్యా’ యే. జ్యా యనగా వింటినారి. దానినే జీవా యనియు నందురు. అరబ్బులు దానిని తమ లిపిలో జీబా యని వ్రాసికొనిరి. ఆ లిపిలో అచ్చులు సాధారణముగ వ్రాయరు. కావున తరువాతివారు దానిని తమ భాషలోని జైబ్ అను మాటగా చదివిరి. జైబ్ అనగా వంపు, రొమ్ము, వస్త్రపు మడత. లాటిను వారు ఆ అర్థమునే తెనిగించినట్లు తమ భాషలోనికి మార్చి సైనస్ అనిరి. వింటినారి బయలుదేరి వస్త్రపు మడతయై మరల మన బిడ్డల బడిసంచిలోనికి వచ్చినది. మామగారికి ఈ కథ చెప్పగా, వారు తమ చొక్కా జేబు తట్టి చూపి నవ్విరి. ఉర్దూలో జేబు నేటికిని ఆ మాటయే.

ఇక పుస్తకములు. నాకు ప్రియమైనవానిలో మొదటిది భాస్కరాచార్యుని లీలావతి. 1150 ప్రాంతమున రచితమైనది. ఒక బాలికను పేరు పెట్టి పిలిచి, ఆమెతో మాటలాడినట్లు లెక్కలడుగు శాస్త్రగ్రంథము ఇంకొకటి నేనెరుగను. ఆమె గ్రంథకర్త కుమార్తెయనియు, ఘటికాపాత్రలో ముత్యము పడి పెండ్లి ముహూర్తము దాటిపోగా, ఓదార్పుగా తండ్రి ఆమె పేర గ్రంథము వ్రాసెననియు నొక కథ కలదు. అది 1587లో ఫైజీ చేసిన పారశీకానువాదముతో ప్రచారమునకు వచ్చిన కథ. నేను దానిని నమ్మను. పెండ్లి తప్పినందులకు బదులుగ గాక, బుద్ధిగల పిల్లకు ఊరకయే లెక్కలు చెప్పరాదా? అందులో తుమ్మెదల లెక్క యొకటి నాకు మిక్కిలి ఇష్టము. ఒక తుమ్మెదల గుంపులో సగము యొక్క వర్గమూలమంత మాలతీలతకు పోయినవి. గుంపులో తొమ్మిదింట ఎనిమిది పాళ్లును వాని వెంట పోయినవి. మిగిలిన వొక ఆడు తుమ్మెదయు, తామరలో చిక్కి మ్రోయుచున్న దాని మగడును. గుంపెంత? ఉత్తరము 72. సరిచూడుడు: సగము 36, దాని మూలము 6, తొమ్మిదింట ఎనిమిది పాళ్లు 64, రెండు కలుపగా 72. ఈ సంఖ్యను గుర్తుంచుకొనవలెనని మనవి, మరల వచ్చును.

తెలుగువారికి స్వంతమైన ప్రాచీన గణితము పావులూరి మల్లన సారసంగ్రహ గణితము. మహావీరాచార్యుడను జైనపండితుడు తొమ్మిదవ శతాబ్దిలో సంస్కృతమున వ్రాసిన గణితసారసంగ్రహమునకు ఇది తెనుగు పద్యరూపము. వందల యేండ్ల క్రిందటనే ఒక తెలుగువాడు పరభాషలోని లెక్కలను తన భాషలోనికి, అందును పద్యములోనికి తెచ్చుకొన్నాడని తలచిన నా చీటీల పని చిన్నదైపోవును. మహావీరునికి హారములవంటి గుణకారములనిన ప్రీతి. 142857143ను ఏడింట గుణించి చూడుడు; 1000000001 వచ్చును. రెండు చివరల రెండు పూసలు, నడుమ నంతయు సున్నల దారము. మా అమ్మాయి దీనిని తన స్నేహితురాండ్రకు చూపుటకై చీటిమీద వ్రాసికొని పోయినది.

ఇంగ్లీషున నేను పూర్తిగా చదివిన మొదటి గణిత సంబంధ గ్రంథము, రామానుజునికి ఆప్తుడైన హార్డీ 1940లో ప్రకటించిన ఆత్మసమర్థనము. భాష గాజువలె తేటయైనది. కాని గణితము పడుచువారి ఆటయనియు, అందును మగవారి ఆటయనియు ఆయన వ్రాసిన చోట పుస్తకము మూసి రెండు దినములు తెరువలేదు. నలువది దాటిన స్త్రీకి ఆ మాట ఎట్లుండునో చదువరులు ఊహింపగలరు. ఆ పుస్తకమునకు విరుగుడుగా నేను మార్జొరీ రైస్ అను నామె వృత్తాంతము దాచుకొన్నాను. ఆమె అమెరికాలో ఒక గృహిణి. హైస్కూలును మించిన గణితము చదువలేదు. 1975లో కుమారునికై తెప్పించు సైన్సు మాసపత్రికలో, ఏయే పంచభుజి పలకలతో నేలను సందులేకుండ పరువవచ్చునను వ్యాసము చదివి, ఇంటిపనుల నడుమ తనదైన గుర్తుల పద్ధతి కల్పించుకొని, 1977 నాటికి పండితులకు తెలియని నాలుగు క్రొత్త తెగలను కనిపెట్టినది. అప్పటి కామె వయస్సు ఏబది దాటినది. ముగ్గులు పెట్టు చేతులకు ఈ సంగతి వివరింప నక్కరలేదు.

మన తెలుగు ఇంట పుట్టిన సి.ఆర్. రావుగారిని గూర్చి కూడ చెప్పక తప్పదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివి, సంఖ్యాశాస్త్రమున లోకవిఖ్యాతులై, 2023లో నూటరెండేండ్ల వయస్సున అంతర్జాతీయ బహుమానము పొంది ఆ సంవత్సరముననే గతించిరి. బాల్యమున తల్లి లక్ష్మీకాంతమ్మగారు నిత్యము తెల్లవారుజామున నాలుగింటికి లేపి, చదువుకొనుటకు నూనెదీపము వెలిగించెడివారని ఒక గ్రంథపు అంకితమున వారే వ్రాసికొన్నారు. ఆమె ఏమి చదువుకొన్నదో నాకు తెలియదు. దీపము వెలిగించినది, అంతే. నేను కూడ నాలుగింటికే లేతును. పగటి వేళ ఎప్పుడైనను కాగితముల ముందు నన్ను చూచినచో మా అత్తగారు “పొద్దంత రాసినా ఒడుస్తలేవా బిడ్డా ఆ లెక్కలు?” అందురు. కాని గత మాఘమాసమున చలి ముదిరినపుడు నాకంటె ముందే లేచి పొయ్యిమీద చాయకు నీళ్లు పెట్టుట మొదలుపెట్టిరి. ఎందులకని నేనడుగలేదు, వారును చెప్పలేదు.

పాట సంగతి మిగిలినది. చిన్ననాట మా ఊరి పంతులమ్మగారి వద్ద సరళీస్వరములు, జంటస్వరములు నేర్చుకొంటిని. గీతములు దాటి పోలేదు. ఐనను చదువుటెట్లో నాకు నేర్పినది ఆ పాఠమే. మొదట విలంబము, పిదప దాని కిబ్బడి, ఆ పిదప నాలుగింతలు. తాళము మాత్రము మారరాదు. నేనిప్పుడు ఇంగ్లీషు సిద్ధాంతముల నట్లే వల్లెవేయుదును. మొదటి దినము పదము పదము నిలిపి, తొడపై తాళమువేయుచు. మూడవ దినమున రెట్టింపు. నోరు తిరిగిన పిదపనే అర్థమును విడదీయుదును. బుద్ధిమంతులు దీనిని గ్రుడ్డిపాఠమందురు. సరిగమలు గ్రుడ్డిపాఠముగ రాని గొంతునకు రాగము వచ్చునా?

సంగీతమున లెక్క ఎంత లోతున నున్నదో కర్ణాటక సంగీతపు మేళకర్తలు చూపును. షడ్జపంచమములు కదలవు. రిషభ గాంధారముల జంటలు ఆరు, దైవత నిషాదముల జంటలు ఆరు, మధ్యమములు రెండు. ఆరును ఆరింట, దానిని రెండింట గుణింపగా 72. తుమ్మెదల గుంపు వచ్చినది చూచితిరా! ఇది కాకతాళీయమే గాని నాకు తొలిసారి తోచిననాడు కలిగిన సంతోషము ఇంతింతయని చెప్పలేను. పదునేడవ శతాబ్దిలో వేంకటమఖి ఈ లెక్క కట్టెను. తరువాతివారు రాగముల పేర్లలోనే సంఖ్యలను దాచిరి. కటపయాది పద్ధతిలో ప్రతి హల్లునకును ఒక అంకె. పేరులోని మొదటి రెండక్షరముల అంకెలను తిప్పి చదివిన రాగసంఖ్య వచ్చును. మాయామాళవగౌళలో ‘మ’ 5, ‘య’ 1, తిప్పగా 15. ధీరశంకరాభరణమున ‘ధ’ 9, ‘ర’ 2, తిప్పగా 29. మేచకల్యాణిలో ‘మ’ 5, ‘చ’ 6, తిప్పగా 65. పేరే చీటి, సంఖ్యయే వెనుకటి ప్రక్క. లైట్నరునకు ఎంతయో ముందే మనవారికి మాటల పెట్టె కలదు.

ఇంకొకటి తాళమువేసి చూపదగినది. ఛందస్సు చదివినవారికి లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలని తెలియును. నాలుగు మాత్రలను లఘుగురువులతో ఎన్ని విధముల నింపవచ్చును? ఐదు విధముల. ఐదు మాత్రలను ఎనిమిది విధముల. ఆరు మాత్రలను పదుమూడు విధముల. ఎట్లనగా, చివర లఘువున్నచో ముందున్నది ఒక మాత్ర తక్కువ, గురువున్నచో రెండు మాత్రలు తక్కువ. కావున ప్రతి సంఖ్యయు తన ముందరి రెండింటి మొత్తము. విరహాంకుడును, 1150 ప్రాంతమున హేమచంద్రుడును ఛందశ్శాస్త్రమున చెప్పిన ఈ వరుస, 1202లో గ్రంథము వ్రాసిన ఇటలీ దేశపు ఫిబొనాచి పేర నేడు పిలువబడుచున్నది. కిందటి బతుకమ్మ పండుగకు చెరువు గట్టున చప్పట్లు కొట్టుచు నేనీ లెక్కను నలుగురికి చెప్పితిని. చెరువనగా మా ధర్మసాగరపు చెరువే. దేవాదుల ఎత్తిపోతల ద్వారమున గోదావరి నీరు దీనిలోనికి వచ్చును, హనుమకొండ వారు ఈ నీటినే త్రాగుదురు. చప్పట్లు కొట్టువారిలో ఒక నడివయస్సు స్త్రీ, పొలము కూలికి పోవునామె, ఏడు మాత్రల ఉత్తరమును నాకంటె ముందు చెప్పినది. 21. ఆమె అక్షరములు ఎరుగదు. బతుకమ్మ పేర్చునపుడు క్రింది వరుసనుండి పై వరుసకు పూలెట్లు తగ్గింపవలెనో ఆమెకు వేలి కొనలలో నున్నది. భాస్కరుడు దానినే శ్రేఢీవ్యవహారమనెను.

కడప సీమకు చెందిన లక్కోజు సంజీవరాయశర్మగారిని (1907-1997) తలపక నా పాటల ముచ్చట పూర్తికాదు. పుట్టుకతో చూపు లేనివారు. తోబుట్టువు బడిపాఠములు బిగ్గరగా చదువుచుండగా విని నేర్చిరని చెప్పుదురు. గణితావధానములు చేసిరి, ఫిడేలు విద్వాంసులు కూడ. రెండు యొక్క నూటమూడవ ఘాతము ఎంతయని ఒక సభలో అడుగగా ముప్పదిరెండంకెల ఉత్తరమును నోటితో చెప్పిరని ప్రసిద్ధి. ఆ సంఖ్యను సరిచూడవలెనని నేనును మా అమ్మాయియు కూర్చుంటిమి. రెండు సాయంకాలములు పట్టినది. 10141204801825835211973625643008. అమ్మాయి ఇంగ్లీషున గుణించినది, నేను తెలుగున. మూడుమారులు ఒకరి తప్పు ఒకరు పట్టితిమి. అత్తగారు బియ్యము చెరుగుచు, ఇన్ని సోలలు పట్టు గాదె ఏ రాజునకు కలదని అడిగిరి.

విశ్లేషణము పరీక్ష వచ్చు మాసమున నున్నది. పోపులపెట్టెలో చివరి అరకు చేరిన చీటీలు రెండు వందల పది; మొదటి అరలో ఇంకను ముప్పదియారు మొండికెత్తి కూర్చున్నవి. మొన్నటి దినమున ఆ అరలో నాది కాని చీటి యొకటి కనబడినది. ముందు ప్రక్క ‘మల్టిప్లికేషన్’ అని ఇంగ్లీషున అమ్మాయి చేతివ్రాత. వెనుక ప్రక్క మొదటి పంక్తిలో గుణకారము. రెండవ పంక్తిలో జరబ్. తాతగారి నడిగి ఉర్దూ లిపిలో కూడ వ్రాయించుకొన్నది. ఆ క్రింద సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచము. దానిని తన పెట్టెలో పెట్టుకొనక నా పెట్టెలో ఏల పెట్టితివని అడుగగా, “నీకు రానిది రెండో లైనే కదా అమ్మా” అన్నది. నిజమే, ఆ లిపి నాకు రాదు. చీటి మొదటి అరలోనే యున్నది, ప్రతిదినమును చూచుచున్నాను.